లోర్నా వింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: "స్పెక్ట్రమ్" అనే మాట వెనకున్న డాక్టరమ్మ

మా బాబుకి ఆటిజం, ఇప్పుడు 15 ఏళ్ళు, వాడి 3వ ఏట నుంచి థెరపీ సెంటర్ల వెయిటింగ్ హాల్లో కూర్చునే ఉన్నాను, ఇన్నేళ్ళలో కొత్తగా వచ్చిన తల్లులూ తండ్రులూ అడిగే ప్రశ్నలు దాదాపు అవే. స్పెక్ట్రమ్ అంటే ఏంటి, ఆస్పర్జర్స్ వేరా ఆటిజం వేరా, మైల్డ్ అన్నారు మరి మాటలు రావట్లేదేంటి, కేసులు ఎందుకింత పెరిగాయి. వీటిల్లో సగానికి సమాధానం వెతుక్కుంటూ పోతే చివరికి ఒకే మనిషి దగ్గర తేలుతున్నాం, ఆవిడే ఇంగ్లండ్‌కి చెందిన సైకియాట్రిస్ట్ లోర్నా వింగ్. ఆవిడ గురించి తెలుగులో రాసింది నాకు పెద్దగా కనపళ్ళేదు, అందుకే నన్ను పదేపదే అడిగినవన్నీ ఒకచోట పెడుతున్నాను.

అసలు ఎవరీవిడ? మనకెందుకు?

1928 అక్టోబర్ 7న ఇంగ్లండ్‌లోని కెంట్ జిల్లా జిల్లింగమ్‌లో పుట్టారు. లండన్ యూనివర్సిటీ కాలేజ్ హాస్పిటల్లో మెడిసిన్ చదివారు, తర్వాత సైకియాట్రీ. భర్త జాన్ వింగ్ కూడా సైకియాట్రిస్టే, మెడికల్ కాలేజీలోనే పరిచయం. 2014 జూన్ 6న 85 ఏళ్ళ వయసులో పోయారు.

మనకెందుకంటే, మీ పిల్లల రిపోర్టు మీద "ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్" అని ఉంది కదా, అందులో స్పెక్ట్రమ్ అనే ఆలోచన ఆవిడది. ఆస్పర్జర్స్ అనే పేరు (బాగా మాట్లాడే, బాగా చదివేవాళ్ళలో కనపడే ఆటిజానికి ఒకప్పటి పేరు) ప్రపంచానికి తెలిసింది ఆవిడ రాసిన పేపర్ వల్ల. ఆవిడ పనికి ముందు ఆటిజం అంటే చాలా అరుదైన జబ్బు, ఒకే ఒక్క మూసలో ఉండే పిల్లలకి మాత్రమే ఇచ్చే పేరు. ఆ లెక్కన చూస్తే మా వాడికీ, బహుశా మీలో చాలామంది పిల్లలకీ ఆ పేరు దక్కేది కాదు, పేరు దక్కకపోతే థెరపీ ఉండదు, సర్టిఫికెట్ ఉండదు, ఏదీ ఉండదు.

ఆవిడ ఆటిజం వైపు ఎలా వచ్చారు? ముందు నుంచీ ఇదే స్పెషలైజేషనా?

కాదండి. ఆవిడ మామూలు పెద్దవాళ్ళ సైకియాట్రీ నేర్చుకున్న డాక్టరు. 1956లో కూతురు పుట్టింది, పేరు సూజీ. ఇద్దరు సైకియాట్రిస్టుల ఇంట్లో పుట్టిన పాప, అయినా మొదట్లో వాళ్ళకీ ఏం అర్థం కాలేదు, ఎందుకంటే అప్పట్లో మెడికల్ కాలేజీల్లో ఆటిజం గురించి చెప్పేవాళ్ళే లేరు.

ఆవిడ తర్వాత ఎన్నోసార్లు చెప్పిన సంఘటన ఒకటుంది. సూజీని ఒళ్ళో పెట్టుకుని ట్రైన్‌లో వెళ్తున్నారు, అదే పెట్టెలో ఇంకో తల్లి, ఆమె దగ్గర దాదాపు అదే వయసున్న బాబు. కిటికీలోంచి గొర్రెలూ ఆవులూ కనపడుతుంటే ఆ బాబు వేలు పెట్టి చూపించడం, వెంటనే తల్లి మొహంలోకి తిరిగి చూడడం, మళ్ళీ బయటికి చూపించడం, మళ్ళీ తల్లి వైపు చూడడం. అది చూసి లోర్నా గుండెల్లో చల్లగా అయిపోయిందట, ఎందుకంటే సూజీ ఒక్కసారి కూడా అలా చెయ్యలేదు.

ఇది మొదటిసారి చదివినప్పుడు నేను ఫోన్ పక్కన పెట్టేసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. నాకూ అదే జరిగింది, మా ఆడపడుచు కూతురు డాబా మీద "అత్తా చందమామ" అని చూపించి నా వైపు చూసిన రోజున. మా వాడు అప్పటిదాకా ఏదీ చూపించలేదు, ఏదైనా కావాలంటే నా మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్ళి నా చేత్తోనే తలుపు తీయించేవాడు, మొహం వైపు మాత్రం చూసేవాడు కాదు. పిల్లవాడు తనకి నచ్చిన వస్తువుని "నువ్వూ చూడు" అని ఇంకొకళ్ళకి చూపించడాన్ని ఇప్పుడు డాక్టర్లు జాయింట్ అటెన్షన్ అంటారు, చిన్న వయసులో స్క్రీనింగ్ చేసేటప్పుడు అడిగే ముఖ్యమైన ప్రశ్నల్లో అదొకటి.

సూజీకి సుమారు 3 ఏళ్ళప్పుడు జాన్ వింగ్ ఒక లెక్చర్‌కి వెళ్ళారు, చెప్పింది మిల్డ్రెడ్ క్రీక్ అనే పిల్లల సైకియాట్రిస్ట్, ఆమె వర్ణిస్తున్న పిల్లలంతా అచ్చం సూజీలాగే ఉన్నారు. డయాగ్నసిస్ అలా వచ్చింది. లోర్నా ఆ తర్వాత తన కెరీర్ మొత్తాన్ని అటు తిప్పేసారు.

ఆ రోజుల్లో తల్లుల వల్లే ఆటిజం వస్తుందనేవాళ్ళట, నిజమేనా?

నిజమే. 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే డాక్టర్ 11 మంది పిల్లల గురించి రాసి ఆటిజం అనే పేరు తెచ్చారు. ఆ పిల్లలు పుట్టుకతోనే అలా ఉన్నారని ఆయనే రాసారు, కానీ తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని కూడా రాసారు, జనానికి ఆ రెండో ముక్కే పట్టుకుంది. ఫ్రిజ్‌లాంటి చల్లటి తల్లులు అనే మాట పుట్టింది. 1967లో బ్రూనో బెట్టల్‌హైమ్ అనే ఆయన ఏకంగా పుస్తకమే రాసేసి దాన్ని ఇంకా పైకెత్తారు.

లోర్నా దీన్ని అస్సలు ఒప్పుకోలేదు. ఆవిడకి ఆ సిద్ధాంతం ఎంత తప్పో ఇంట్లోనే తెలుసు, పైగా రీసెర్చ్ చెయ్యడం తెలుసు కాబట్టి ఊరికే బాధపడి ఊరుకోకుండా ఇది మెదడు ఎదుగుదలకి సంబంధించిన విషయం అని లెక్కలతో చూపించే పనిలో పడ్డారు. అట్లాంటిక్ అవతల బెర్నార్డ్ రిమ్లాండ్ కూడా అదే చేసారు, ఆయనకీ ఆటిజం ఉన్న కొడుకు ఉన్నాడు, 1964లో ఆయన పుస్తకం వచ్చింది. అంటే తల్లుల మీద పడ్డ ఆ నిందని తుడవడంలో చదువుకున్న తల్లిదండ్రుల పాత్ర చాలా ఉంది.

మన దగ్గర ఆ నింద ఇంకా వేరే రూపాల్లో బతికే ఉంది. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, ఉద్యోగానికి వెళ్ళి బిడ్డని ఆయాకి వదిలేసావు, ఫోన్ చేతికిచ్చావు. మా వాడికి 2 ఏళ్ళప్పుడు ఒక డాక్టర్ కనీసం వాడి వైపు చూడకుండానే "మీరిద్దరూ ఇంట్లో మాట్లాడరేమోనమ్మా, అందుకే మాటలు రావట్లేదు" అన్నారు. ఆ మాట మోస్తూ ఏడాది తిరిగాను నేను. కొత్తగా వచ్చిన తల్లులకి నేను మొదట చెప్పేది ఇదే, మీ వల్ల రాలేదు, ఈ సంగతి తేలిపోయి దశాబ్దాలయింది.

రీసెర్చ్ ఒక్కటేనా, ఇంకేమైనా చేసారా?

1962లో లండన్‌లో కొంతమంది తల్లిదండ్రులు కలిసి ఒక సొసైటీ పెట్టారు, అదే ఇప్పటి నేషనల్ ఆటిస్టిక్ సొసైటీ. పెట్టినవాళ్ళలో లోర్నా ఒకరు. వాళ్ళకంత తొందర ఎందుకంటే అప్పటి ఇంగ్లండ్‌లో తీవ్రమైన మానసిక వైకల్యం ఉన్న పిల్లల్ని "చదువు చెప్పడానికి వీలుకానివాళ్ళు" అని ముద్ర వేసి స్కూలు వ్యవస్థ బయటే పెట్టేవాళ్ళు, 1970లో చట్టం చేసి 1971 నుంచి అమలు చేసాకే ప్రతి పిల్లవాడికీ చదువు హక్కయింది. దానికోసం ఆగకుండా ఈ తల్లిదండ్రులు 1965లో లండన్ ఈలింగ్‌లో సొంతంగా స్కూలు పెట్టేసారు, దాన్ని నడిపింది సిబిల్ ఎల్గర్ అనే టీచరు, మాంటిస్సోరి పద్ధతి నేర్చుకున్నావిడ, అంతకుముందు తన ఇంటి బేస్‌మెంట్లో పిల్లలకి చెప్పేవారు. పిల్లలు పెద్దయ్యాక ఎలా అని 1974లో సోమర్సెట్‌లో పెద్దవాళ్ళ కోసం కూడా ఒక చోటు తెరిచారు. 1971లో లోర్నా తల్లిదండ్రుల కోసమే ఒక గైడ్ రాసారు.

క్యాంబర్‌వెల్ స్టడీ అని అందరూ అంటారు, అందులో అంత గొప్ప ఏముంది?

ఇది కాస్త ఓపిగ్గా చదవండి, నా దృష్టిలో ఆవిడ కెరీర్ మొత్తానికి ఇదే గుండెకాయ.

అప్పటికి ఆటిజం ఎంతమందికి ఉందో లెక్క కట్టింది విక్టర్ లాటర్. మిడిల్‌సెక్స్ ప్రాంతంలో 8 నుంచి 10 ఏళ్ళ పిల్లల్ని చూసి 1966లో పబ్లిష్ చేసారు, 10,000 మందికి 4.5 అని తేలింది. ఆయన కానర్ చెప్పిన లక్షణాలని పెట్టుకుని వాటికి సరిపోయే పిల్లల్ని వెతికారు. జల్లెడ కన్నాలు ఎంతుంటే అంతే కదా పిండి దిగేది.

లోర్నా, ఆవిడతో పాటు జుడిత్ గూల్డ్ అనే సైకాలజిస్ట్, వీళ్ళిద్దరూ పని తిరగేసారు. లండన్ ఆగ్నేయంలో క్యాంబర్‌వెల్ అనే ఏరియా, జనాభా సుమారు 1,55,000, అందులో 15 ఏళ్ళ లోపు పిల్లలు 35,000 మంది. అక్కడ లోర్నా పనిచేసే మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ యూనిట్‌కి ముందు నుంచీ పేషెంట్ల రిజిస్టర్ ఉంది, ఎవరు ఏ సర్వీసు వాడుతున్నారో అందులో ఉంటుంది. ఆటిజం ఉందా లేదా అని ముందే అనుకోకుండా, ఏ రకమైన వైకల్యమో ప్రవర్తన సమస్యో ఉందని హెల్త్, ఎడ్యుకేషన్, సోషల్ సర్వీసులకి తెలిసిన పిల్లలందర్నీ స్క్రీన్ చేసారు. వాళ్ళలో లోతుగా చూడాల్సినవాళ్ళ తల్లిదండ్రులతో, టీచర్లతో, చూసుకునేవాళ్ళతో కూర్చుని గంటలకొద్దీ మాట్లాడారు, పిల్లల్ని స్వయంగా గమనించారు.

1979లో రిజల్ట్ వచ్చింది. కానర్ చెప్పినట్టు అచ్చంగా ఉన్న పిల్లలు 17 మంది, అంటే 10,000కి 4.9, లాటర్ లెక్కకి దగ్గరే. కానీ ఆ మూసకి సరిపోకపోయినా తోటి మనుషులతో కలిసే విషయంలో తీవ్రమైన ఇబ్బంది ఉన్నవాళ్ళందర్నీ కలిపితే 74 మంది, అంటే 10,000కి 21. నాలుగు రెట్లు! మిగతా 57 మందికీ అదే సాయం కావాలి, అదే రకం చదువు కావాలి, కానీ డాక్టర్ల పుస్తకంలో వాళ్ళకి పేరు లేదు. అదే స్టడీలో మేధో వైకల్యం ఉండి కూడా మనుషులతో చక్కగా కలిసే పిల్లలు 58 మంది దొరికారు, డౌన్ సిండ్రోమ్ ఉన్న చాలామంది అలాంటివాళ్ళే. దాంతో తెలివితేటల సమస్య వేరు, సామాజికంగా కలవలేకపోవడం వేరు అని కూడా స్పష్టమైంది.

ఇంకోటి చూసారు. ఆ 74 మందిలో మూడు ఇబ్బందులు కలిసి కనపడుతున్నాయి: మనుషులతో కలవడం, సంభాషణ, ఊహతో ఆడుకోవడం. ఊహ ఉండాల్సిన చోట ఒకే పని మళ్ళీ మళ్ళీ చెయ్యడం వచ్చి కూర్చుంటుంది, మా వాడు సీసా మూతల్ని గోడ వారగా రంగుల వరసలో పేర్చినట్టు. ఈ మూడింటినీ కలిపి ట్రయాడ్ అన్నారు.

మా పాప అందర్నీ పలకరిస్తుంది, మరి ఆటిజం ఎలా అవుతుంది?

ఇది నన్ను అడగని నెల లేదు. మామూలుగా అందరి బుర్రలో ఉన్న బొమ్మ ఏంటంటే మూల కూర్చుని ఎవర్నీ పట్టించుకోని పిల్లవాడు. లోర్నా, జుడిత్ క్యాంబర్‌వెల్‌లో మూడు రకాల్ని చూసారు.

మొదటి రకం దూరంగా ఉండేవాళ్ళు, మనిషి ఉన్నా లేనట్టే. రెండో రకం తమంతట తాము దగ్గరికి రారు కానీ మనం కలుపుకుంటే వద్దనరు, ఆటలో పిల్లలు వీళ్ళని "పాపాయి"ని చేసి కూర్చోబెడితే అలాగే కూర్చుంటారు. వీళ్ళని గుర్తుపట్టడం కష్టం, బుద్ధిమంతుడు, అల్లరి చెయ్యడు అని మెచ్చుకుంటారు. మూడో రకం తామే ముందుకొచ్చి పలకరిస్తారు కానీ ఆ తీరు వేరుగా ఉంటుంది, ఎదుటివాళ్ళు విసుక్కుంటున్నారా అన్నది పట్టదు.

మూడో రకానికి మా వెయిటింగ్ హాల్లో ఒక బాబు ఉండేవాడు, అప్పుడు తొమ్మిదేళ్ళుంటాయేమో. ఎవరు లోపలికి వచ్చినా ఎదురెళ్ళి బాగా దగ్గరగా నించుని "అంకుల్ మీ బండి నెంబర్ ఎంత?" అని అడిగేవాడు, ఆడవాళ్ళనైనా అంకుల్ అనే. నెంబర్ చెప్తే అంకెలన్నీ కూడి చెప్పి ఇంకో మనిషి దగ్గరికి వెళ్ళిపోయేవాడు. వచ్చే వారం మనల్ని చూడగానే మొహం గుర్తుండదు, బండి నెంబర్ గుర్తుంటుంది. వాళ్ళమ్మని బంధువులంతా "వీడికి ఆటిజం ఏంటి, ఇంత బాగా మాట్లాడుతుంటే" అని వాయించేసేవాళ్ళు, ఆవిడ ఏం చెప్పాలో తెలీక నవ్వి ఊరుకునేది. 1979లోనే ఇలాంటి పిల్లల గురించి రాసారని చెప్తే ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఈ రకాలు శాశ్వతం కాదని కూడా లోర్నా చెప్పారు, వయసుతో మారతారు. మా వాడు చిన్నప్పుడు మొదటి రకం, ఇప్పుడు రెండోది, వాళ్ళ తాతయ్య పక్కన కూర్చుని ఆయన పేపర్ చదివినంతసేపూ ఉంటాడు. తర్వాత రోజుల్లో ఇంకో రకాన్ని కూడా చేర్చారు, పెద్దయ్యాక అతి మర్యాదగా, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవాళ్ళు, నేర్చుకున్న రూల్స్ తప్పకుండా పాటిస్తారు.

ట్రయాడ్ అనే మాట ఇప్పటికీ వాడతారా?

పాత పుస్తకాల్లో, పాత టీచర్ల నోట్లో వింటారు. డాక్టర్లు డయాగ్నసిస్ కోసం చూసే అమెరికన్ సైకియాట్రీ పుస్తకం డీఎస్ఎమ్, 2013లో వచ్చిన దాని 5వ ఎడిషన్‌లో (డీఎస్ఎమ్ 5) రెండు భాగాలే ఉన్నాయి, సామాజిక సంభాషణ ఒకటి, పునరావృత ప్రవర్తనలు ఒకటి, శబ్దం వెలుతురు స్పర్శ లాంటి సెన్సరీ విషయాలు రెండోదాంట్లో చేర్చారు.

ఆస్పర్జర్స్ అనే పేరు ఆవిడ పెట్టిందేనా?

ఇంగ్లీషు ప్రపంచంలో ఆ పేరు పాతుకుపోయింది ఆవిడ 1981 పేపర్ వల్లే. కథ ఏంటంటే, క్యాంబర్‌వెల్ స్టడీలో మామూలు స్కూళ్ళలో చదువుకుంటున్న, ఎవరి దృష్టికీ రాని పిల్లలు రాలేదు. కానీ లోర్నా క్లినిక్‌లో బాగా మాట్లాడే, బాగా చదివే, అయినా జీవితం చిక్కుపడిపోయిన వాళ్ళు కనపడుతున్నారు. వియన్నా డాక్టర్ హాన్స్ ఆస్పర్గర్ 1944లో జర్మన్‌లో ఇలాంటి అబ్బాయిల గురించే రాసి ఉన్నారు, ఇంగ్లీషు ప్రపంచంలో దాన్ని చదివినవాళ్ళు దాదాపు లేరు. జాన్ వింగ్‌కి జర్మన్ వచ్చు, భార్య కోసం దాన్ని ఇంగ్లీషు చేసి పెట్టారు. ఆవిడ తను చూసిన 34 మంది కేసులు పెట్టి 1981లో పేపర్ రాసారు. ఆస్పర్గర్ వాడిన "ఆటిస్టిక్ సైకోపతి" అనే మాట పెడితే ఇంగ్లీషు జనం సైకోపాత్ అంటే నేరస్తుడనుకుంటారు, అందుకని ఆస్పర్గర్ సిండ్రోమ్ అన్నారు. మన దగ్గర నోటికి ఆస్పర్జర్స్ అని తిరిగింది.

వాళ్ళిద్దరూ ఒకసారి కలిసారు కూడా, 1970ల చివర్లో ఆయన లండన్ వస్తే మాడ్స్లీ హాస్పిటల్ క్యాంటీన్‌లో టీ తాగుతూ మాట్లాడుకున్నారు. నా సిండ్రోమ్ కానర్ ఆటిజం కంటే వేరు అని ఆయన, రెండూ ఒకే తాడుకి కట్టినవి అని ఈవిడ. ఒప్పుకోకుండానే మర్యాదగా లేచారు. ఆయన 1980లో పోయారు, తన పేరు ఇంత దూరం వెళ్తుందని తెలీకుండానే.

ఆస్పర్గర్ నాజీలతో కలిసి పనిచేసాడని విన్నాం?

2018లో హెర్విగ్ చెక్ అనే చరిత్రకారుడు వియన్నా రికార్డులు తీసి బయటపెట్టారు, పిల్లల్ని చంపేసిన ష్పీగల్‌గ్రుండ్ అనే సంస్థకి ఆస్పర్గర్ కొందరు పిల్లల్ని పంపించారని. అలా వెళ్ళిన ఇద్దరు చిన్న ఆడపిల్లలు తిరిగి రాలేదు. లోర్నా అప్పటికి పోయి నాలుగేళ్ళయింది. ఆ పేరు ఇక వద్దు అనేవాళ్ళ బాధ నాకర్థమవుతుంది, ఆ పేరుతోనే తమని తాము మొదటిసారి అర్థం చేసుకున్న పెద్దవాళ్ళ బాధ కూడా అర్థమవుతుంది.

మా బాబు పాత రిపోర్టులో ఆస్పర్జర్స్ అని ఉంది, ఇప్పుడు అది చెల్లదా?

డీఎస్ఎమ్ 4 లో 1994లో చేరింది, 2013లో డీఎస్ఎమ్ 5 లో తీసేసి అంతా ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్‌లో కలిపేసారు. పాత పద్ధతిలో సరిగ్గా డయాగ్నసిస్ అయినవాళ్ళకి స్పెక్ట్రమ్ డయాగ్నసిస్ ఇవ్వాలని అందులోనే రాసి ఉంది, కాబట్టి కంగారు పడకండి, సర్టిఫికెట్ కోసమైతే కొత్త పేరుతో అసెస్‌మెంట్ చేయించుకోండి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లోర్నా ఆ పేరు తెచ్చింది ఆటిజం ఎంత వెడల్పుగా ఉంటుందో చూపించడానికి, విడగొట్టడానికి కాదు. జనం మాత్రం దాన్ని వేరే డబ్బాలో పెట్టేసారు, "మా వాడిది ఆటిజం కాదండి, ఆస్పర్జర్స్" అని గర్వంగా చెప్పుకునే దాకా వెళ్ళింది. 2005లో ఆవిడే ఒక పేపర్ రాసారు, పండోరా పెట్టె మూత తీసాను అన్న అర్థం వచ్చే టైటిల్‌తో. తను చేసిన పని తను అనుకున్న దారిలో వెళ్ళలేదని అంత పేరున్న డాక్టర్ అచ్చులో రాయడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది, ఆ స్థాయిలో ఉన్నవాళ్ళు అలా ఒప్పుకోవడం నేను ఎక్కువ చూడలేదు.

స్పెక్ట్రమ్ అంటే మైల్డ్ నుంచి సివియర్ దాకా ఒక స్కేలా?

చాలామంది అలాగే అనుకుంటారు, థర్మామీటర్ లాగా. లోర్నా ఉద్దేశం అది కాదు. ఒక్కో మనిషిలో మాట ఒక ఎత్తులో, తెలివి ఒక ఎత్తులో, సెన్సరీ ఇబ్బంది ఇంకో ఎత్తులో ఉంటాయి, అవి కలిసే తీరు ఎవరికి వాళ్ళది. మొదట్లో ఆవిడ కంటిన్యుయమ్ అనేవారు, తర్వాత స్పెక్ట్రమ్ అన్నారు, 1996లో తల్లిదండ్రుల కోసం రాసిన పుస్తకానికి ఆ పేరే పెట్టారు. ప్రకృతి ఏ గీత గీసినా దాన్ని కాస్త చెరిపేయకుండా ఉండదు అనే మాట ఆవిడకి చాలా ఇష్టం, ఎక్కడికెళ్ళినా చెప్పేవారు. మామూలువాళ్ళకీ ఆటిజం ఉన్నవాళ్ళకీ మధ్య కూడా గట్టి గీత లేదని ఆవిడ నమ్మకం.

మరీ వెడల్పు చేసేసారని విమర్శ లేదా?

ఉంది, దాంట్లో న్యాయం కూడా ఉంది. ఒకే పేరు కింద యూనివర్సిటీలో పాఠం చెప్పే మనిషీ ఉన్నాడు, 24 గంటలూ కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషీ ఉన్నాడు, రెండోవాళ్ళ గొంతు వినపడకుండా పోతోందని తల్లిదండ్రుల ఆవేదన. 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ "ప్రొఫౌండ్ ఆటిజం" అనే మాట ప్రతిపాదించింది అందుకే. అది కొత్త డయాగ్నసిస్ కాదు, ఎక్కువ సాయం కావాల్సినవాళ్ళు కనపడాలని పెట్టిన గుర్తు. ఈ విషయంలో నేను ఏ పక్షమో నాకే తేలలేదు, రోజుని బట్టి మారుతుంది, వాడు చెయ్యి కొరుక్కున్న రోజు ఒకలా, ప్రశాంతంగా ఉన్న రోజు ఒకలా.

కేసులు ఎందుకిలా పెరిగిపోతున్నాయి? వ్యాక్సిన్లా?

వ్యాక్సిన్లు కాదు. ఎంఎంఆర్ టీకాకీ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకి వేసేది) ఆటిజానికీ లింకుందంటూ 1998లో లాన్సెట్‌లో వచ్చిన పేపర్‌ని 2010లో ఆ పత్రికే వెనక్కి తీసుకుంది, ఆ తర్వాత లక్షల మంది పిల్లల మీద చేసిన స్టడీల్లో ఎక్కడా లింకు దొరకలేదు. దయచేసి టీకాలు మానకండి.

పెరుగుదల గురించి 2002లో లోర్నా ఇంకొకరితో కలిసి అప్పటిదాకా వచ్చిన సర్వేలన్నీ చూసి రాసారు, చాలావరకు నిర్వచనం మారడం వల్లా అవగాహన పెరగడం వల్లా అని. క్యాంబర్‌వెల్ గుర్తు తెచ్చుకోండి, అదే ఏరియా, అదే పిల్లలు, అడిగే ప్రశ్న మారేసరికి 17 కాస్తా 74 అయింది.

రిటైరయ్యాక ఏం చేసారు?

ఆగలేదు. 1991లో లండన్ శివార్లలోని బ్రోమ్లీలో నేషనల్ ఆటిస్టిక్ సొసైటీ ఒక డయాగ్నస్టిక్ సెంటర్ తెరిచింది, జుడిత్‌తో కలిసి అక్కడ కూర్చున్నారు, దానికి తర్వాత ఆవిడ పేరే పెట్టారు. క్యాంబర్‌వెల్‌లో వాడిన ప్రశ్నావళిని పెంచి డిస్కో అనే ఇంటర్వ్యూగా తయారుచేసారు. తల్లిదండ్రులతో పుట్టిన దగ్గర్నుంచీ మాట్లాడుకుంటూ వెళ్ళే పద్ధతి అది, ఉందా లేదా అని తేల్చి వదిలేయకుండా ఈ మనిషికి ఏమేం కావాలో రాసుకునేలా ఉంటుంది.

ఇంకో పని గురించి మనవాళ్ళకి తక్కువ తెలుసు, పిల్లలు టీనేజ్‌కి వచ్చినవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. 2000లో అమితా షాతో కలిసి ఆవిడ ఆటిజంలో కాటటోనియా గురించి రాసారు. సెంటర్‌కి వచ్చిన 506 మందిని చూస్తే, 15 ఏళ్ళు దాటినవాళ్ళలో 17 శాతం మందిలో ఆ లక్షణాలు ఉన్నాయి. పిల్లవాడు మెల్లగా నెమ్మదించిపోతాడు, గుమ్మం దగ్గర ఆగిపోతాడు, ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి అలాగే ఉంచేస్తాడు, మనం "కానీ నాన్నా" అంటేనో భుజం తడితేనో మళ్ళీ కదుల్తాడు. దీన్ని మొండితనం అనుకుని తిట్టే ఇళ్ళు నాకు తెలుసు. ఇలా కనపడితే వెంటనే సైకియాట్రిస్ట్‌కి చూపించండి, దీనికి వైద్యం ఉంది.

1995లో ఆవిడకి ఓబీఈ అనే బ్రిటిష్ గౌరవ పురస్కారం ఇచ్చారు.

మన దగ్గరికి ఈ ఆలోచన ఎలా వచ్చింది?

1995 నాటి మన వికలాంగుల చట్టంలో 7 రకాలే, ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజం పేరు వచ్చింది, 2016 చట్టంలో 21 రకాల్లో ఒకటిగా "ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్" అనే చేరింది. సర్టిఫికెట్ కోసం వాడే ఐసా స్కేల్ తయారైంది మన సికింద్రాబాద్‌లోనే, మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం మీద పనిచేసే నేషనల్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, 70 నుంచి ఆటిజం, 107 నుంచి మోడరేట్, 153 దాటితే సివియర్. అందులో సోషల్, సంభాషణ, ప్రవర్తన, సెన్సరీ అన్నీ విడివిడిగా అడుగుతారు, లోర్నా చెప్పిన వెడల్పు అందులో కనపడుతుంది. వెళ్ళే ముందు ఇంట్లో వీడియోలు తీసి పెట్టుకోండి, కొత్త గదిలో పిల్లవాడు ఇంట్లోలా ఉండడు.

మా అమ్మాయి ఎంబీబీఎస్, ఇలాంటి రీసెర్చ్ చెయ్యాలంటే?

నీట్ పీజీ రాసి మూడేళ్ళ ఎండీ సైకియాట్రీ, ఆ పైన బెంగుళూరు నిమ్హాన్స్‌లో చైల్డ్ అండ్ అడాలసెంట్ సైకియాట్రీలో డీఎం ఉంది, ఇంకో మూడేళ్ళు. లెక్కలు, స్టాటిస్టిక్స్ అంటే భయం పోగొట్టుకోమనండి. ఇంకా ముఖ్యంగా వారానికి ఒకరోజైనా ఏదో ఒక స్పెషల్ స్కూల్లో నేల మీద కూర్చుని పిల్లల్ని చూడమనండి. తెలుగులో తల్లులు లక్షణాల్ని ఎలా చెప్తారో రాసుకునే డాక్టర్లు మనకి చాలా అవసరం, "పిలిస్తే పలకడు కానీ చాక్లెట్ కాగితం చప్పుడుకి పరిగెత్తుకొస్తాడు" అనే మాటలో ఎంత సమాచారం ఉందో.

చివరికి సూజీ ఏమైంది?

ఇది అందరూ గొంతు తగ్గించి అడుగుతారు, ఎందుకంటే అడిగేది సూజీ గురించే కాదు కదా, మన తర్వాత మన పిల్లలు ఏంటి అని. సూజీకి సాయం జీవితాంతం కావాల్సి వచ్చింది. ప్రపంచంలో ఆటిజం గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన డాక్టర్లలో ఒకరు తల్లి అయినా ఆమె ఆటిజం పోలేదు, పోగొట్టాలని ఆ తల్లి చూడలేదు కూడా. 2005లో సూజీ 49 ఏళ్ళకి తల్లిదండ్రుల కంటే ముందే పోయింది. జాన్ 2010లో పోయారు. లోర్నా మాత్రం సూజీ పోయాక కూడా పనిలోనే ఉన్నారు, ఎనభై ఏళ్ళు దాటాక కూడా వేరేవాళ్ళ పిల్లల గురించి, ఆ పిల్లల చిన్నప్పటి సంగతుల గురించి వాళ్ళ అమ్మల్ని అడుగుతూనే ఉన్నారు.